అద్దం వెనక కుర్చీ ఎవరిది?



ముందు ఒక ఫైలు సంగతి చెప్తాం.

ఒక జిల్లా కేంద్రంలో కుటుంబ కౌన్సెలింగ్ సెంటరు ఉంది. దాని పేరు రాయం. రాస్తే అక్కడ పనిచేసే మన అమ్మాయి ఉద్యోగం ఊడుద్ది. ఆ అమ్మాయి మాదిగపల్లెలో పుట్టి, హాస్టల్లో ఉండి, ఎమ్మెస్‌డబ్ల్యూ చదివి కౌన్సెలర్ అయింది. ఆరేళ్ళుగా మొగుడూ పెళ్ళాల తగాదాలు, అత్తాకోడళ్ళ తగాదాలు, తాగుడు, అనుమానం, కొట్లాట అన్నీ వింటా ఉంది. ఒకరోజు ఒక జంట వచ్చింది. ప్రేమపెళ్ళి. పిల్ల మన పల్లె పిల్ల. పిల్లాడు ఊళ్ళో ఆసామి కొడుకు. 'కోడలు ముంగిలాగా కూర్చుంటది, ఎవరితో కలవదు, పసిబిడ్డని మా చేతికియ్యదు' అని అత్తగారి గోల. మూడుసార్లు కూర్చోబెట్టినా ఆ పిల్ల నోరు తెరవలేదు. నాలుగోసారి మన అమ్మాయి ఒక్క మాట అడిగింది: "ఆ ఇంట్లో నువ్వు మంచినీళ్ళు తాగే గ్లాసు ఎక్కడ పెడతారమ్మా?"

పిల్ల బావురుమంది. గ్లాసు పెరటి గోడమీద బోర్లించి ఉంటదంట. పొయ్యి ముట్టనియ్యరంట. చుట్టాలొస్తే గొడ్లచావిడి పక్కనున్న గదిలో కూర్చోమంటారంట. బిడ్డకి బారసాల కూడా చెయ్యలేదంట. మొగుడికి అన్నీ తెలుసు. తెలిసీ తలకాయ దించుకుని అన్నం తిని లేచిపోతాడు.

మన అమ్మాయి ఇదంతా ఫైల్లో రాసింది. వారం తర్వాత సూపర్‌వైజర్ మేడమ్ ఫైలు చూసింది. 'కులం' అన్న మాట ఉన్నచోటల్లా ఎర్ర పెన్నుతో కొట్టేసింది. పైన 'సర్దుబాటు సమస్య' అని రాసింది. అమ్మాయిని పిలిచి, "నీ సొంత బాధలు తెచ్చి క్లయింటు మీద రుద్దుతున్నావు. నువ్వింకా ప్రొఫెషనల్ కావాలి" అంది. తర్వాతి సిట్టింగు మేడమే పట్టింది. "పెద్దవాళ్ళు గదా, నువ్వే కొంచెం సర్దుకోవాలమ్మా" అని చెప్పి పంపింది. ఫైలు మీద 'రాజీ' అని పడింది. నాలుగు నెలలకి ఆ పిల్ల బిడ్డని చంకనేసుకుని పుట్టింటికొచ్చింది. ఇప్పుడు పత్తి ఏరటానికి పోతా ఉంది. సెంటరు లెక్కల్లో మాత్రం అది గెలిచిన కేసు.

ఆ మేడమ్‌కి పాతికేళ్ళ అనుభవం ఉంది. చెడ్డమనిషి కాదు. మేం ఆమెని తిట్టటానికి కాగితం ఖర్చు పెట్టటం లేదు. ఆమెని ఆ కుర్చీలో కూర్చోబెట్టే ముందు ఎవరేం నేర్పారు? పాతికేళ్ళు కౌన్సెలింగ్ చేస్తే చాలు, ఇంకొకరి పని మీద ఎర్ర పెన్ను పెట్టే హక్కు దానంతటదే వచ్చేస్తదా? ఆ కుర్చీలోకి మనవాళ్ళు ఎందుకు రాలేకపోతున్నారు? ఇవీ మా ప్రశ్నలు.

సూపర్‌వైజర్ అనంగానే మనకి అంగన్‌వాడీకి వచ్చి రిజిస్టరు తిరగేసి, గుడ్లు లెక్కబెట్టి పోయే ఆమె గుర్తొస్తది. లేకపోతే జిన్నింగు మిల్లులో మన ఆడోళ్ళ మీద అరిచే మేస్త్రి గుర్తొస్తాడు. కుటుంబ చికిత్సలో సూపర్‌వైజర్ అంటే అది కాదు. పాతకాలం మంత్రసాని దగ్గర పిల్ల మంత్రసాని ఎట్టా నేర్చుకునేదో గుర్తుచేసుకోండి. పెద్దామె పక్కన కూర్చునేది. పిల్లామె చెయ్యి ఎక్కడ తడబడిందో చూసేది. అవసరమైతే ఆ చేతిమీద తన చెయ్యి వేసేది. కాన్పు మాత్రం పిల్లామె చేతే చేయించేది. ఇదీ అసలు పని. తను చెయ్యటం వేరు, చేసేవాడిని తయారుచెయ్యటం వేరు. బాగా దున్నేవాడు బాగా నేర్పుతాడని రూలేం లేదు. చాలామంది ఏం చేస్తారంటే, 'ఇట్టా ఇయ్యి' అని నాగలి లాక్కుంటారు.

ఈ కుటుంబ చికిత్స, అంటే ఫ్యామిలీ థెరపీ, ఒక విద్య. ఒక మనిషిని పట్టుకుని 'నీకు జబ్బు' అనకుండా ఇంటిల్లిపాదినీ కూర్చోబెడతారు. ఎవరు మాట్లాడితే ఎవరు నోరు మూసుకుంటున్నారు, ఎవరి కోపం ఎవరి మీద పడుతోంది, తాత కాలం నాటి గాయం మనవడిలో ఏ రూపాన లేస్తోంది అని చూస్తారు. ఈ విద్యలో ఆరితేరినవాళ్ళే ఒక సంగతి కనిపెట్టారు. కౌన్సెలర్‌కీ కుటుంబానికీ మధ్య ఏం జరుగుద్దో, అదే అచ్చు సూపర్‌వైజర్‌కీ కౌన్సెలర్‌కీ మధ్య కూడా జరుగుద్దంట. దానికి వాళ్ళు పెద్ద పేరేదో పెట్టుకున్నారు. మన భాషలో చెప్పాలంటే, పైన పోసిన నీళ్ళే కింద మడికి పారతాయి. సూపర్‌వైజర్ కౌన్సెలర్‌ని కసిరితే కౌన్సెలర్ పోయి కుటుంబాన్ని కసురుద్ది. సూపర్‌వైజర్ కౌన్సెలర్ మాట వింటే కౌన్సెలర్ ఆ ఇంట్లో ఎవరి మాటా వినపడనివాళ్ళ మాట వినుద్ది. ఇప్పుడు ఆ ఎర్ర పెన్ను సంగతి మళ్ళీ చూడండి. ఆ ఇంట్లో మన పిల్లని నోరు మూసుకోమన్నారు. సెంటర్లో మన కౌన్సెలర్‌ని నోరు మూసుకోమన్నారు. గోడమీద గ్లాసు, ఫైల్లో ఎర్రగీత, రెండూ ఒకటే.

'నీ సొంత బాధ రుద్దుతున్నావు' అన్న మాట దగ్గర కొంచెం ఆగుదాం. ఎందుకంటే ఇది చదువుకున్న ప్రతి దళిత కౌన్సెలర్ నెత్తిమీద పడే బండ. కౌన్సెలర్‌కి కూడా గాయం ఉంటది, అది కేసులోకి దూరే ప్రమాదం ఉంది, నిజమే. కాదనం. ఆ గాయాన్ని ఎక్కడ చూపుగా వాడుకోవాలి, ఎక్కడ దాన్ని పక్కన పెట్టి వినాలి అని నేర్పటమే సూపర్‌వైజర్ చెయ్యాల్సిన పని. గ్లాసు గురించి అడగాలని మన అమ్మాయికి తట్టింది ఆ గాయం వల్లనే. మరి 'సర్దుకో అమ్మా' అన్న మేడమ్ మాట ఎక్కడనుంచి వచ్చింది? అది ఆమె ఇంటినుంచి రాలేదా? ఆమె కులం నుంచి రాలేదా? మన బాధ 'సొంత బాధ', వాళ్ళ అలవాటు 'శాస్త్రం'. ఏం న్యాయం అయ్యా ఇది!

ఈ విద్య ఎక్కువగా పెరిగింది అమెరికాలో. అక్కడి ముచ్చట మనకెందుకు అనొద్దు. 1972లో బొంబాయిలో మన కుర్రాళ్ళు దళిత్ పాంథర్స్ అని పేరు పెట్టుకున్నది అక్కడి నల్ల పాంథర్లను చూసే. 1946లో బాబాసాహెబ్ నల్లజాతి మేధావి డుబాయిస్‌కి ఉత్తరం రాసింది కూడా వాళ్ళ బాధ, మన బాధ ఒక తీరువని తెలిసే.

అమెరికాలో కుటుంబ చికిత్సకుల సంఘం ఒకటుంది. అనుభవం ఉన్న చికిత్సకుడు సూపర్‌వైజర్‌గా గుర్తింపు కావాలంటే ఆ సంఘం ఎన్నో ఏళ్ళు ఏం అడిగిందో వినండి. ముందు 30 గంటల చదువు, చదివించే విద్య మీద చదువు. ఆ తర్వాత 180 గంటలు కొత్తవాళ్ళకి సూపర్‌విజన్ చెయ్యాలి. చేస్తున్నంతకాలం 36 గంటలు, తన సూపర్‌విజన్ ఎట్టా ఉందో ఇంకొక పెద్ద సూపర్‌వైజర్‌కి చూపించుకోవాలి. అంటే కాపలావాడి మీద కాపలా. నువ్వు కొత్తపిల్లతో ఎట్టా మాట్లాడావు, ఎక్కడ మాట తుంచావు అని టేపు పెట్టి వినేవాళ్ళు ఉంటారు. చివరికి 'నేను సూపర్‌విజన్ అంటే ఏమనుకుంటున్నాను' అని కాగితం రాసియ్యాలి. ఇదంతా ఎందుకు? అనుభవం మనిషికి నైపుణ్యమూ ఇస్తది, మొండితనమూ ఇస్తది గనక. మేం చూసిన సెంటర్లలో మాత్రం జుట్టు నెరిస్తే చాలు, సూపర్‌వైజరే.

అయితే గంటలు లెక్కబెడితే కులం పోతదా, జాతి పోతదా? పోదు. అది కూడా వాళ్ళ దగ్గరే తేలింది.

ఫిలడెల్ఫియా అనే నగరంలో పిల్లల మానసిక వైద్యశాల ఒకటి ఉండేది. 1965లో సాల్వడార్ మినూచిన్ అనే డాక్టరు దానికి పెద్ద అయ్యాడు. అర్జెంటీనాలో పుట్టిన యూదు. అంతకుముందు న్యూయార్కు మురికివాడల్లో నల్లవాళ్ళ, ప్యుర్టోరికో వాళ్ళ కుటుంబాలతో పనిచేసి, ఆ పని మీద 1967లో పుస్తకం కూడా వేశాడు. ఆయనతోబాటు జే హేలీ అనే తెల్లాయన, ప్యుర్టోరికో నుంచి వచ్చిన బ్రౌలియో మోంటాల్వో కలిశారు. వైద్యశాల చుట్టూ ఉన్నది నల్లవాళ్ళ పేటలు. లోపల డాక్టర్లేమో చదువుకున్న తెల్లవాళ్ళు. నల్లతల్లి ఏం చెప్తోందో డాక్టరుకి అర్థం కాదు, డాక్టరు అడిగేది తల్లికి అర్థం కాదు. అప్పుడు వీళ్ళొక తెగువ చేశారు. పెద్ద చదువులు లేని, డిగ్రీలు లేని పేటల మనుషుల్నే, ఎక్కువమంది నల్లవాళ్ళని, తీసుకొచ్చి కుటుంబ చికిత్సకులుగా తయారుచెయ్యటం మొదలుపెట్టారు.

చూశారా! మన దగ్గర 'మెరిట్ లేదు, ఇంగ్లీషు రాదు, డిగ్రీ లేదు' అని గేటు దగ్గరే ఆపేస్తారు. అక్కడ డిగ్రీ లేనివాడినే కుర్చీలో కూర్చోబెట్టారు. ఎందుకంటే పేట సంగతి వాడికి తెలుసు. తెలియంది పద్ధతి. అది నేర్పొచ్చు. పద్ధతి తెలిసినవాడికి పేటలో పుట్టుక నేర్పటం ఎవరివల్లా కాదు.

నేర్పింది ఎట్టా? పాఠాలు చెప్పి కాదు. ఒక గదిలో కొత్త చికిత్సకుడూ, కుటుంబమూ కూర్చుంటారు. గోడకి ఒక అద్దం. ఇటునుంచి చూస్తే అద్దం, అటునుంచి చూస్తే కిటికీ. అద్దం వెనక సూపర్‌వైజర్. మధ్యలో ఒక ఫోను. ఇక్కడ దాపరికం లేదు, వెనక మనిషి ఉన్నాడని కుటుంబానికి ముందే చెప్తారు. కొత్తవాడు తడబడితే ఫోను మోగుద్ది, 'తండ్రి ఇందాకటినుంచి మాట్లాడలేదు, ఆయన్ని అడుగు' అని రెండు ముక్కలు. మళ్ళీ పని అతనిదే. ఈ పద్ధతి మీద మోంటాల్వో 1973లో ఒక వ్యాసం రాశాడు. అందులో సారం ఏమిటంటే, కూర్చోక ముందే ఇద్దరూ మాట్లాడుకుని ఒప్పందానికి రావాలి. వెనక మనిషి ఎప్పుడు పిలవొచ్చు, ముందు మనిషి ఎప్పుడు లేచొచ్చి అడగొచ్చు, ఎంతవరకు చెప్పొచ్చు అన్నది తేల్చుకోవాలి. వెనక మనిషి జోక్యం తన కాళ్ళకి అడ్డంపడితే ఆ మాట మొహం మీద చెప్పే బాధ్యత ముందు మనిషికి ఉంది. సూపర్‌వైజర్ తన తీరు రుద్దకుండా, నేర్చుకునేవాడి తీరుకి సరిపడే దారి వెతకాలి. ఒప్పందం, అన్నలారా! మన సెంటర్లలో ఈ మాటే లేదు. ఎర్ర పెన్నుకి ఒప్పందమా?

ఇక్కడే మాకొక పేచీ ఉంది. ఫిలడెల్ఫియా కథ ఎవరు చెప్పినా ముందు చెప్పేది మినూచిన్, హేలీ, మోంటాల్వో, ఈ మూడు పేర్లే. అద్దం వెనక కూర్చున్నవాళ్ళ పేర్లు. అద్దం ముందు కూర్చుని పేట దుఃఖమంతా మోసిన నల్లమనుషులు 'ట్రైనీలు' అన్న ఒక్క మాటలో కలిసిపోయారు. ఆ ముగ్గురి మీద మాకు గౌరవం ఉంది. కానీ మనవాళ్ళు ముందు గదికి వస్తే సరిపోదు. వెనక గదికి వెళ్ళాలి. లేకపోతే మన నోరు, వాళ్ళ బుర్ర అవుద్ది. చాకిరీ మనది, పేరు వాళ్ళది అవటం మనకి కొత్తా? చెప్పు కుట్టింది మనం, కొట్టు వాళ్ళది.

ఇదేదో ఊహ కాదు. తొమ్మిదేళ్ళ అనుభవం ఉన్న మన అక్క ఒకామె, మాలపల్లె మనిషి, సూపర్‌వైజర్ ట్రైనింగుకి తన పేరు పంపమని అడిగితే వచ్చిన జవాబు వినండి: "నువ్వు ఫీల్డులో ఉంటేనే బాగుంటదమ్మా. మీవాళ్ళతో మాట్లాడటం నీకొచ్చినట్టు ఎవరికొస్తది?" పొగడ్తలాగా ఉంది గదా! 'మీవాళ్ళతో' అన్నమాట మళ్ళీ చదవండి. పల్లెకి పల్లె మనిషి, ఊరికి ఊరి మనిషి, రెంటి మీదా పెత్తనానికి ఊరి మనిషి. రచ్చబండ మీద పెద్దమనిషి పంచాయితీ తీసేసి, ఏసీ గదిలో పెద్దమనిషి పంచాయితీ పెట్టారు.

చట్టం ఏం చెప్తోందో కూడా చూడండి. గృహహింస చట్టం 2005లో వచ్చింది. దాని నిబంధనలు 2006లో వచ్చాయి. కేసు నడిచేటప్పుడు మేజిస్ట్రేటు కౌన్సెలింగ్‌కి పంపొచ్చు. కౌన్సెలర్‌గా ఎవరు ఉండకూడదో 13వ నిబంధనలో రాశారు. ఆ తగాదాతో సంబంధమున్నవాళ్ళు, ఏదో ఒక పక్షానికి చుట్టమైనవాళ్ళు పనికిరారు, రెండు పక్షాలూ ఒప్పుకుని రాసిస్తే తప్ప. బాగుంది. చుట్టరికం ఉంటే పక్షపాతం వస్తదని చట్టానికి తెలిసింది. మరి ఈ దేశంలో కులాన్ని మించిన చుట్టరికం ఏముంది? ఆసామి ఇంటి తగాదాకి ఆసామి కులం మనిషి కౌన్సెలర్‌గా కూర్చుంటే పక్షపాతం రాదనుకున్నారా? ఆ ప్రశ్న చట్టం అడగలేదు. చట్టం అడగనిది ట్రైనింగు అడగాలి. ట్రైనింగు కూడా అడగకపోతే మనం అడగాలి.

అమెరికాలోనే ఒక నల్లజాతి కుటుంబ చికిత్సకుడు ఉన్నాడు, కెన్నెత్ హార్డీ. ఆయన, ట్రేసీ లాస్లోఫీ అనే ఆమె కలిసి 1995లో ఒక పద్ధతి రాశారు. ఈ విద్యలో కుటుంబపటం గీస్తారు. మగవాళ్ళకి చతురం, ఆడవాళ్ళకి గుండ్రం, మూడు తరాలు. క్లయింటు ఇంటి పటం గీయటం అందరూ చేసేదే. హార్డీ వాళ్ళు ఏమన్నారంటే, ముందు ట్రైనింగుకి వచ్చినవాడే తన పటం గీయాలి, అందులో తన జాతి పుట్టుక రాయాలి, తనవాళ్ళు దేనికి గర్వపడతారు, దేనికి సిగ్గుపడతారు అన్నది గుర్తుపెట్టాలి, పదిమందిలో చెప్పాలి.

దీన్ని మన దేశానికి దించండి. సూపర్‌వైజర్ కావాలనుకునే ప్రతి పెద్దకులం మనిషీ తన కులపటం గీయాలి. అందులో తాత, ముత్తాత చాలరు. మీ తాత పొలం ఎవరు దున్నారు? ఆ పాలేరు పేరు మీకు తెలుసా, లేక 'మా మాలోడు' అనే తెలుసా? మీ ఇంట్లో చచ్చిన గొడ్డుని ఎవరు ఈడ్చుకుపోయారు? మీ నాయనమ్మ మాదిగామెకి అన్నం ఎంత ఎత్తునుంచి పోసింది? మీ పెరటి గుమ్మంలోంచి వచ్చి పోయే ఆమె ఏ వాకిట్లోంచి లోపలికి రాకూడదు? మీ ఇంట్లో మీ అక్క వేరే కులంవాణ్ణి చేసుకుంటానంటే ఏం జరిగింది? ఇవన్నీ గీయండి. చేతులు వణుకుతాయి. వణకనియ్యండి. పోయినోళ్ళ పాపాలకి ఇవాళ్టి మనిషిని శిక్షించటానికి కాదు ఇది. గోడమీద గ్లాసు కళ్ళముందు పెట్టినా కనపడని చూపుకి ఆపరేషను. 2018లో మిర్యాలగూడలో ప్రణయ్‌ని భార్య కళ్ళముందే నరికించింది ఆ పిల్ల తండ్రి. ఆ తండ్రి 'ప్రేమ' గురించి అప్పట్లో ఎంతమంది జాలిపడి మాట్లాడారో గుర్తుందా? వాళ్ళల్లో ఒకరు రేపు మన పిల్ల కేసు మీద సూపర్‌వైజర్‌గా కూర్చోవచ్చు. పటం గీయకుండా కూర్చోనిద్దామా?

మనవాళ్ళు కూడా గీయాలి. మన పటంలో గర్వాలూ ఉన్నాయి, దాచుకున్న సిగ్గులూ ఉన్నాయి. ఇంటిపేరు మార్చుకున్న మేనమామ, అద్దె ఇంటి కోసం కూర అడిగితే 'మేం తినం' అని చెప్పిన అమ్మ, మాల ఇంట్లో మాదిగ కోడలికి జరిగింది, మాదిగ ఇంట్లో రెల్లి పిల్లకి జరిగింది. 2024 ఆగస్టు 1న వర్గీకరణ మీద సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది గదా, మనలో ఎవరు ముందు, ఎవరు వెనక అన్న లెక్క ఇక దాచటం కుదరదు. సూపర్‌వైజర్ కుర్చీ దళితులకి రావాలి అని అరిచి, వచ్చాక ఒక్క కులంవాళ్ళమే కూర్చుంటే అది కూడా పెత్తనమే.

ఇంకో దేశం మాట చెప్పాలి. న్యూజిలాండ్‌లో లోయర్ హట్ అనే ఊళ్ళో ఫ్యామిలీ సెంటర్ అని ఉంది. అక్కడి మూలవాసులు మావోరీలు. సమోవా వంటి దీవులనుంచి వచ్చినవాళ్ళు ఇంకో పక్క. మిగతావాళ్ళు తెల్లవాళ్ళు. ఆ సెంటర్లో పనిచేసిన వారిహి కాంప్‌బెల్, ఫ్లోరా తుహాకా, కీవీ తమాసెసే, చార్లెస్ వాల్డ్‌గ్రేవ్ వంటివాళ్ళు 'న్యాయమైన చికిత్స' అని ఒక దారి వేశారు. ఇళ్ళు లేక, ఇరుకు గదుల్లో కుళ్ళి దిగులుపడ్డ మనిషికి కౌన్సెలింగ్ చేసి మళ్ళీ అదే గదికి పంపితే, మనం చికిత్స చేస్తున్నామా, పేదరికానికి అలవాటు చేస్తున్నామా అని తమని తాము అడుక్కున్నారు. సెంటర్‌ని మూడు భాగాలు చేశారు, మావోరీ, దీవులవాళ్ళు, తెల్లవాళ్ళు. మావోరీ కుటుంబాల పని మావోరీ భాగం చేతిలో. తెల్లవాళ్ళ భాగం తన పనికి మిగతా రెండు భాగాలకీ జవాబుదారీ. అట్టాగే మగవాళ్ళు ఆడవాళ్ళకి జవాబుదారీ. ఎవరికివాళ్ళు విడిగా కూర్చుని మాట్లాడుకుంటారు, 'ఇది మాకు అన్యాయం' అని వాళ్ళు తేలిస్తే మిగతావాళ్ళు ఆగి వినాలి. అన్యాయం జరిగిందా లేదా అన్నది దెబ్బ తిన్నవాళ్ళు చెప్పాలి గానీ కొట్టినవాళ్ళ వంశం కాదు.

ఇది చదివి మేం చప్పట్లు కొట్టబోయాం. అప్పుడు మా అక్కలు మమ్మల్ని ఆపారు. వాళ్ళు ఆపిన సంగతి దాయం.

రెండేళ్ళ కింద మా సంఘంలోనే ఒక కేసు. మొగుడు మన కార్యకర్త, జెండా మోసినవాడు, జైలుకి పోయొచ్చినవాడు. భార్యని కొట్టాడు. మన సంఘం పిల్లే, కొత్తగా కౌన్సెలింగ్ నేర్చుకున్న పిల్ల, ఇద్దరినీ కూర్చోబెట్టింది. పక్కన పెద్దగా మేమే ఒకాయన్ని పెట్టాం. ఇరవై ఏళ్ళుగా పల్లెల్లో తగాదాలు తీర్చిన మనిషి. పది నిమిషాలు కాకముందే ఆయన కేసు తన చేతిలోకి లాక్కున్నాడు. అంబేద్కర్ గురించి అరగంట చెప్పాడు. చివరికి ఆమెతో, "అమ్మా, ఇది బయటికి పోతే ఉద్యమం పరువు పోద్ది. నువ్వే ఓర్చుకోవాలి" అన్నాడు. ఆ మేడమ్ అన్నదానికీ, ఈయన అన్నదానికీ తేడా ఏంది? ఒకామె పెద్దకులం పరువు కోసం సర్దుకోమంది. మేం ఉద్యమం పరువు కోసం సర్దుకోమన్నాం. నేర్చుకునే పిల్ల ఆరోజునుంచి ఆరు నెలలు మా మీటింగులకి రాలేదు. మన కులంలో పుట్టినంతమాత్రాన సూపర్‌వైజర్ అయిపోరు. మాకూ ట్రైనింగు కావాలి. మా వెనకా అద్దం కావాలి. ఆ అద్దం వెనక మా అక్కలు ఉండాలి.

ఎర్రజెండా మిత్రులు కొందరు ఎగతాళి చేస్తారు. 'భూమి అడగండి, కూలి అడగండి, ఈ కౌన్సెలింగ్ గొడవ మధ్యతరగతిది' అంటారు. భూమి మేం వదల్లేదు. కానీ ఒక్కటి అడుగుతాం. 1985లో కారంచేడులో ఆరుగురిని చంపితే పల్లె పల్లె చీరాలకి తరలివచ్చింది. 1991లో చుండూరులో ఎనిమిదిమందిని నరికితే జనం తెనాలికి చేరారు. శిబిరాలు పెట్టాం, కేసులు నడిపాం. చుండూరు కేసులో 2007లో ప్రత్యేక కోర్టు శిక్షలు వేసింది. 2014లో హైకోర్టు ఆ శిక్షలు కొట్టేసింది. ఇరవై మూడేళ్ళు ఎదురుచూసిన ముసలితల్లి ఆరోజు రాత్రి ఎట్టా పడుకుంది? నీళ్ళల్లో తండ్రి శవాన్ని వెతికిన ఇంట్లో పెరిగిన పిల్లాడు ఇవాళ తన పిల్లల్ని ఎట్టా పెంచుతున్నాడు? దీన్ని చూడటానికి మన పల్లెలోంచి తయారైన మనిషి ఎవరన్నా ఉన్నారా? ఆ మనిషిని తయారుచేసే మనిషి ఉన్నారా? అగ్రవర్ణ నిపుణుడు కారు దిగి వచ్చి, 'జరిగింది మర్చిపోండి' అని చెప్పి పోతే చాలా?

ఇక 'శాస్త్రానికి కులం అంటగడుతున్నారు' అనేవాళ్ళకి జవాబు చెప్పి టైము వేస్టు చెయ్యం. ఎర్ర పెన్నుతో కులం అన్న మాట కొట్టేసినవాళ్ళనే అడగండి, ఎవరు అంటగట్టారో.

మేం అడిగేవి పెద్ద కోరికలు కావు. ప్రభుత్వం డబ్బుతో నడిచే ప్రతి కౌన్సెలింగ్ సెంటర్లో సూపర్‌వైజర్ కుర్చీకి సర్వీసు చాలదు, ట్రైనింగు ఉండాలి. ఆ ట్రైనింగులో కులపటం తప్పనిసరి. ట్రైనింగు సీట్లలో దళిత ఆడవాళ్ళ వాటా వాళ్ళకియ్యాలి, ఫీజు ప్రభుత్వం కట్టాలి. పల్లెల్లో ఏళ్ళతరబడి ఈ పని చేస్తున్నవాళ్ళ అనుభవాన్ని డిగ్రీకి బదులుగా లెక్కలోకి తీసుకోవాలి. దళితుల కేసు మీద పెద్దకులం సూపర్‌వైజర్ రాసిన మాట దళిత కౌన్సెలర్లు చూసి, 'ఇది తప్పు' అంటే ఆ మాట ఫైల్లో ఉండాలి. కొట్టేయటానికి లేదు. అన్నిటికంటే ముందు ఇది.

వాళ్ళిచ్చేదాకా ఊరుకోం. మా సంఘం ఆఫీసులో నెలకి రెండు ఆదివారాలు కూర్చుంటున్నాం. అద్దం లేదు, ఫోను లేదు. మధ్యలో ఒక చీర కట్టాం, దానికి ఇవతల ఇద్దరు కూర్చుని మాట్లాడతారు, అవతల పెద్దక్కలు కూర్చుని వింటారు. ఇప్పటికి కేసులు నిజంవి కావు, మాలో మేమే మొగుడూ పెళ్ళాం వేషాలు వేసి నేర్చుకుంటున్నాం. వినే అక్క మాట్లాడాలంటే ముందు చీర కదపాలి, రెండు ముక్కలే చెప్పాలి. మొదటివారం ఒక అక్క రెండు ముక్కలకి ఇరవై చెప్పింది, అందరం నవ్వాం, ఆమె కూడా నవ్వింది. మూడోవారానికి ఆమె చీర కదపటం తగ్గింది. అట్ట ముక్కల మీద కులపటాలు గీశాం. ఆరునెలలు రాకుండాపోయిన పిల్ల పోయినవారం వచ్చింది. చీరకి అవతల కూర్చుంది. ఇవతల కూర్చున్నది కేసు లాక్కున్న ఆ పెద్దాయన. రెండుసార్లు చీర కదిలింది. రెండుసార్లూ ఆయన మాట ఆపాడు.

రాదలచినవాళ్ళు పొద్దున తొమ్మిదికల్లా రండి. దూరంవాళ్ళకి బస్సు ఖర్చు సంఘం ఇస్తది. చంటిపిల్లల తల్లులు పిల్లల్ని తీసుకునే రండి, చూసుకోటానికి మగవాళ్ళని పెట్టాం. ఆడవాళ్ళ కూర్చోవటం ముందు, మగవాళ్ళది అన్నం తిన్నాక.